కరెంటు ముచ్చట్లు: ఎప్పుడో ఒకప్పుడు పడే ట్రిప్పు

ముసురు పట్టిన దగ్గర్నుంచి వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ వాటిది ఒకటే బాధ. ట్రిప్పు పడుతుంది, ఎత్తితే నిలుస్తుంది, మిస్త్రీ వచ్చేసరికి అంతా బాగానే ఉంటుంది. జవాబుల్లోకి వెళ్లే ముందు మీ డీబీ (ఇంటి బ్రేకర్లన్నీ ఒకచోట ఉండే డబ్బా) మూత తెరిచి ఒకసారి చూసుకోండి. 'టి' అక్షరం ఉన్న చిన్న బటన్‌తో వెడల్పుగా కనిపించేది ఆర్‌సీసీబీ. మన దగ్గర చాలామంది దాన్ని ఇప్పటికీ ఈఎల్‌సీబీ అనే అంటారు. బటన్ లేకుండా వరసగా ఉన్న సన్నటివి ఎంసీబీలు. ఎంసీబీ పడితే లోడు ఎక్కువైనట్టు, లేదా ఫేజూ (కరెంటు తెచ్చే వైరు) న్యూట్రలూ (దాన్ని తిరిగి తీసుకుపోయే వైరు) ఎక్కడో తగులుకున్నట్టు. ఆర్‌సీసీబీ పడితే, పోయిన కరెంటు అంతా పోయిన దారిన తిరిగి రాకుండా కొంత నేలలోకి కారినట్టు. రెండూ పడటం ఒకేలా పడతాయి గానీ జబ్బులు వేరు, మందులు వేరు. అందుకే ఏది పడింది, ఎన్ని గంటలకు, అప్పుడు ఏమేం నడుస్తున్నాయి, వాన ఉందా లేదా అన్న నాలుగు సంగతులు డీబీ మూత లోపల కాగితం అంటించి రాస్తూ పోండి. వారం రాతలు చాలు, సగం పని అయిపోతుంది.

ప్రశ్న: మాది ఇరవై రెండేండ్ల కిందట కట్టిన ఇల్లు. వానకాలం వచ్చిందంటే ఆర్‌సీసీబీ రోజుకు రెండుసార్లన్నా పడుతుంది. ఒక్కోసారి ఎంసీబీలన్నీ దించిపెట్టినా పడుతుంది. వంటింట్లో ఇస్త్రీపెట్టె పెట్టిన వెంటనే పడుతుంది గానీ, అదే పెట్టె పక్కింట్లో బాగానే నడుస్తది. వాళ్లకూ ఆర్‌సీసీబీ ఉంది. మాది రెండుసార్లు మార్పించినం. మూడు రోజులు బాగుండి మళ్లీ మొదలు.
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ఇస్త్రీపెట్టె తప్పేం లేదు, ఆర్‌సీసీబీ తప్పూ లేదు. మూడోది కొనకండి. 'ఎంసీబీలన్నీ దించినా పడుతుంది' అని మీరు రాసిన ఆ ఒక్క వాక్యంలోనే జబ్బు పేరు ఉంది: ఎక్కడో న్యూట్రల్ వైరు ఎర్తుకు తగులుతోంది.

ఆర్‌సీసీబీ లోపల ఒక ఇనుప రింగు ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ దాని గుండానే పోతాయి. పోయే కరెంటు, వచ్చే కరెంటు సమానంగా ఉన్నంతసేపూ అది కదలదు. తేడా 30 మిల్లీ ఆంపియర్లకు చేరితే తప్పకుండా పడుతుంది. 15 దాటాక ఎక్కడైనా పడొచ్చు, అది దాని తప్పు కాదు. ఇక ఇళ్లలో వాడే ఎంసీబీలు ఎక్కువగా సింగిల్ పోల్‌వి. అవి ఫేజునే తెంపుతాయి. న్యూట్రల్ వైర్లన్నీ డీబీలోని ఇత్తడి పట్టీకి బిగించి ఉంటాయి, ఎంసీబీ దించినా అవి అలాగే కలిసి ఉంటాయి. అందుకే అన్నీ దించినా న్యూట్రల్ జబ్బు పోదు.

మరి ఎప్పుడూ పడకుండా అప్పుడప్పుడే ఎందుకు పడుతుంది? న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి మామూలుగా చాలా తక్కువ. ఇంట్లో రెండు బల్బులు వెలుగుతున్నప్పుడు ఆ తేడా 0.3 వోల్టులు అనుకుందాం. చెమ్మ పట్టిన చోట న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 50 ఓములు ఉంటే కారేది 6 మిల్లీ ఆంపియర్లు. ఆర్‌సీసీబీ పట్టించుకోదు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టె పెట్టారు, న్యూట్రల్ వైర్లో నాలుగు ఆంపియర్లకు పైగా నడిచింది, ఆ తేడా 2 వోల్టులకు పెరిగింది. ఇప్పుడు కారేది 40. పడింది. జబ్బు గేటు లైటు దగ్గర ఉంటుంది, నింద ఇస్త్రీపెట్టె మీద పడుతుంది. మీ ఇంట్లో ఏదీ నడవకపోయినా, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద పక్కిళ్ల లోడు పెరిగితే వీధి న్యూట్రల్ మీదే ఆ వోల్టు రెండు వోల్టులు వస్తాయి. ఎంసీబీలన్నీ దించి ఉన్నప్పుడు పడింది అందుకే.

వెతికే పద్ధతి ఇది. డీబీ మూత విప్పి చేసే పని కాబట్టి తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి, కానీ పక్కన ఉండి ఈ వరసలోనే చేయించండి. ముందు మీటరు పక్కనున్న మెయిన్ కట్టేసి, ఆర్‌సీసీబీ దించాలి. ఆర్‌సీసీబీ ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ తెంపుతుంది కనుక ఇప్పుడు ఇంటి న్యూట్రల్ పట్టీ వీధి నుంచి విడిపోయింది. మీటరు పక్కన మెయిన్ లేని పాత ఇళ్లలో మాత్రం ఆర్‌సీసీబీకి మీటరు వైపు ఉన్న టెర్మినళ్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది, అటు వేలు పోకూడదు. ఇప్పుడు మల్టీమీటరు ఓముల మీద పెట్టి ఒక కొస న్యూట్రల్ పట్టీకి, ఒక కొస ఎర్తు పట్టీకి ఆనించండి. ఏమీ చూపకూడదు, అంటే రెండింటి మధ్య దారే లేనట్టు ఉండాలి. వేలల్లోనో వందల్లోనో పదుల్లోనో ఓములు చూపితే దొంగ దొరికినట్టే.

ఆ తర్వాత న్యూట్రల్ వైర్లను ఒక్కొక్కటే పట్టీ నుంచి ఊడదీయాలి. ఊడదీసే ముందు ప్రతి నల్ల వైరుకూ చిన్న టేపు ముక్క చుట్టి నంబరు వేయించండి. అది ఏ ఎంసీబీకి జతో రాయకుండా తీస్తే తిరిగి బిగించేటప్పుడు కొత్త తంటా మొదలవుతుంది. ఏ వైరు తీయగానే మీటరు రీడింగు పోయిందో ఆ సర్క్యూట్‌లోనే తప్పుంది. ఏ వైరు తీసినా రీడింగు అలాగే ఉంటే తప్పులు రెండున్నాయి. అన్నీ ఊడదీసి ఒక్కోటీ ఎర్తుతో విడిగా చూడండి.

మీటరు ఏమీ చూపకపోతే నిరాశ పడొద్దు. దానిలో ఉండేది 9 వోల్టుల బ్యాటరీ, చెమ్మను అది పసిగట్టలేదు. 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్‌ను పరీక్షించే మీటరు) తెప్పించండి. మెగ్గర్ కొట్టేముందు ప్లగ్గులన్నీ పీకాలి, ఎల్ఈడీ బల్బులు తీయాలి, సర్జ్ ప్రొటెక్టర్ ఉంటే విప్పాలి. ఆ సర్క్యూట్ ఫేజునూ న్యూట్రల్‌నూ కలిపి ముడివేసి, ఆ ముడికీ ఎర్తుకూ మధ్య కొట్టాలి. అలా చేస్తే మరిచిపోయిన ఫ్యాన్ రెగ్యులేటరో, ఎల్ఈడీ డ్రైవరో కాలిపోదు. 1 మెగా ఓము కంటే తక్కువ వస్తే ఆ వైరింగు చెడ్డట్టే. మంచి వైరింగు పదుల్లో, వందల్లో చూపుతుంది. ఇంకో మాట, ఇదంతా ముసురు రోజునే చేయించండి. నాలుగు రోజుల ఎండ కొట్టాక మెగ్గర్ కొడితే ఏమీ దొరకదు.

ఇరవై ఏళ్ల స్లాబు ఇళ్లలో వెతకాల్సిన చోట్లు కొన్నే: గేటు దిమ్మె మీది లైటు, పిట్టగోడ లైటు, మెట్ల కింద బాత్‌రూం స్విచ్‌బోర్డు, స్లాబులో ఫ్యాను డబ్బా, కాలింగ్ బెల్. స్లాబు పగుళ్ల నుంచి దిగిన నీళ్లు పైపు పట్టుకుని వచ్చి మధ్యలో వేసిన టేపు జాయింటు మీద నిలుస్తాయి. గేటు లైటైతే ఇలా కనిపిస్తుంది: డోము విప్పగానే అడుగున చీమల మట్టి, హోల్డరు స్క్రూ మీద పచ్చటి చిలుము, రేకు బాడీకి ఆనుకుని నల్ల వైరు ఇన్సులేషన్ ఒరుసుకుపోయి రెండు రాగి పోగులు బయటికి. దాన్ని ఎండబెట్టి టేపు చుడితే వచ్చే వానకు మళ్లీ ఇదే ఉత్తరం రాస్తారు. కొత్త వైరు లాగి, వైరు కింది నుంచి ఎక్కేలా గ్లాండు (వైరు దూరే చోట నీళ్లు పోకుండా పట్టే బిగింపు) ఉన్న వాటర్‌ప్రూఫ్ బాక్సు పెట్టించండి. బాక్సు అడుగున నీరు జారేందుకు చిన్న బెజ్జం ఉండాలి, పైన ఉండకూడదు.

రిపేరు అయ్యేదాకా ఇల్లు నడవాలంటే ఆ సర్క్యూట్ ఎంసీబీ దించితే చాలదు. దాని న్యూట్రల్‌ను కూడా పట్టీ నుంచి తీసి కొసకు కనెక్టర్ తొడిగి పక్కన పెట్టించాలి.

ప్రశ్న: మాకు పగలంతా బాగుంటుంది. తెల్లారుజామున రెండు మూడు గంటలకు ఆర్‌సీసీబీ పడుతుంది, ఉక్కకు లేచి చూస్తే ఇల్లంతా చీకటి. రోజూ కాదు. ఆ వేళకు నడిచేది ఫ్యాన్లూ ఫ్రిజ్జే. ఫ్రిజ్ మూడు పిన్నుల ప్లగ్గు తీసి రెండు పిన్నులది పెట్టుకుంటే పడదని ఒకాయన చెప్పిండు, పెట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పరకాల

జవాబు: పెట్టుకోవద్దు. పెడితే ట్రిప్పు ఆగుతుంది, అది నిజమే. కారే కరెంటు పోవడానికి ఎర్తు దారి మూసేశారు కదా. అప్పుడది ఫ్రిజ్ రేకు మీదే కాచుకుని ఉంటుంది, తడికాళ్లతో వచ్చి తలుపు పట్టుకున్నవాళ్ల ఒంట్లోంచి దారి వెతుక్కుంటుంది.

మీది ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ అయితే అనుమానం మొదట డీఫ్రాస్ట్ హీటరు మీద. కంప్రెసరు కొన్ని గంటలు నడిచాక, మంచు కరగడానికి లోపల చిన్న హీటరు దానంతటదే వెలిగి ఆరిపోతుంది. దాని గొట్టం చిట్లి తడి దిగితే, హీటరు వెలిగినప్పుడు మాత్రమే కరెంటు కారుతుంది. కంప్రెసరు ఎంతసేపు నడిచిందన్న దాన్ని బట్టి ఆ వేళ మారుతూ పోతుంది. అందుకే రోజూ ఒకే టైముకు రాదు. మూడు రాత్రులు ఫ్రిజ్ ప్లగ్గు పీకి చూడండి, అది కాకపోతే అప్పుడూ పడుతుంది. ఫ్రిజ్జేనని తేలితే మెకానిక్‌తో హీటరుకూ బాడీకీ మధ్య మెగ్గర్ కొట్టించండి. హీటరు ఒక్కటే మారుస్తారు, ఫ్రిజ్ మార్చక్కర్లేదు. పాత డైరెక్ట్ కూల్ ఫ్రిజ్‌లలో ఈ హీటరు ఉండదు. వాటిలో వెనక కంప్రెసరు మూతిలో ఉండే రిలే, బొద్దింకలూ దుమ్మూ పట్టిన టెర్మినళ్లు చూడాలి.

గీజరుదీ ఇదే తీరు కనుక ఇక్కడే చెప్పేస్తున్నాం. ఎలిమెంటు గొట్టంలో తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. అది తేమను పీల్చుకుంటుంది. ఎండాకాలమంతా వాడని గీజరును చలికాలంలో మొదటిసారి వేయగానే పడటం అందుకే. నాలుగైదు రోజులు వాడాక కూడా పడుతుంటే గొట్టం పగిలినట్టే. మన బోరు నీళ్ల గారకు ఎలిమెంట్లు ఎక్కువ కాలం మన్నవు. చల్లగా ఉన్నప్పుడు మెగ్గర్‌కు దొరకని పగులు వేడెక్కాక దొరుకుతుంది. పది నిమిషాలు వేసి, ప్లగ్గు పీకి, వెంటనే కొట్టించండి.

ప్రశ్న: ఏసీ ఎంసీబీ (16 ఆంపియర్లది) ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ముప్పావుగంటకోసారి పడుతుంది. రాత్రి పడదు. 32 పెడదామంటున్నడు మా ఎలక్ట్రీషియన్. ఏసీ టన్నున్నర. డీబీ పడమటి గోడకు, వరండాలో ఉంది.
— ఒక పాఠకుడు, కాజీపేట

జవాబు: ముందు వైరు ఎంత లావుదో అడగండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు మీద 32 పెడితే ఇక ఎంసీబీ పడదు, గోడలో వైరు కాలుతుంది. ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, గోడలోని వైరును. 2.5కు 16, 4కు 20 లేదా బాగా వేసి ఉంటే 25 వరకు. అంతకు మించొద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం. టన్నున్నర ఏసీ మామూలుగా 7, 8 ఆంపియర్లు గుంజుతుంది. బయటి యూనిట్ జాలీ దుమ్ము పట్టి, పైగా మధ్యాహ్నం వోల్టేజి 200కు జారితే 10, 11 దాకా పోవచ్చు. 16 ఆంపియర్ల ఎంసీబీ తన లెక్కకు 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్లు దాటనంత వరకు గంటసేపైనా పడకూడదు. 1.45 రెట్లు, అంటే 23 దగ్గర గంటలోపు పడాలి. ఆ లెక్కన 11కు పడటానికి వీల్లేదు. ఎంసీబీ లోపల వేడికి వంగి దాన్ని పడగొట్టే రేకు ఒకటి ఉంటుంది. పడుతోందంటే ఆ రేకు వేడెక్కేది లోడు వల్ల కాదు, బయటి వేడి వల్ల.

ఒకటి ఎండ. ఎంసీబీ లెక్కలన్నీ 30 డిగ్రీల గాలికి కట్టినవి. 44 డిగ్రీల ఎండలో పడమటి గోడకు ఉన్న ఇనుప డీబీలో వేడి ఇంకా ఎక్కువ ఉంటుంది, అక్కడ 16ది 14లాగా నడుచుకుంటుంది. కానీ ఎండ ఒక్కటే 11 ఆంపియర్లకు పడగొట్టదు. అందుకే మా అనుమానం రెండోదాని మీద: లూజు స్క్రూ.

మెయిన్ కట్టేసి ఆ ఎంసీబీ కింది టెర్మినల్ చూడండి. వైరు ఇన్సులేషన్ అంచు గోధుమ రంగుకు తిరిగి గట్టిపడిందా? ఎంసీబీ ప్లాస్టిక్ ఆ చోట పసుపెక్కిందా? అయితే ఇది చాలా రోజుల నుంచి నడుస్తున్న కథ. తప్పు ఎక్కువగా మూడు రకాలుగా ఉంటుంది. వైరు కొస బిగింపు రేకు ముందు కాకుండా వెనక్కి దూరుతుంది. స్క్రూ పూర్తిగా తిరుగుతుంది, బిగిసినట్టే ఉంటుంది, లాగితే వైరు ఊడొస్తుంది. లేదా ఇన్సులేషన్ సరిగా చెక్కకుండా దాని మీదే బిగిస్తారు. లేదా ఒకే టెర్మినల్లో లావు వైరూ సన్న వైరూ కలిపి పెడతారు. లావుది బిగిసేసరికి సన్నది లూజుగానే ఉండిపోతుంది. నల్లబడిన కొసను అర అంగుళం కోసేసి, కొత్త రాగి తేల్చి, పిన్ లగ్గు కొట్టించి బిగించండి. తర్వాత గట్టిగా లాగి చూడాలి. ప్లాస్టిక్ రంగు మారిన ఎంసీబీని మళ్లీ వాడొద్దు, లోపలి రేకు లెక్క తప్పి ఉంటుంది. అదే రేటింగు, 'సి' రకం (అదేమిటో కింద మోటరు జవాబులో ఉంది), కొత్తది వేయండి.

పక్కన క్లాంప్ మీటరు ఉంటే ఏసీ నడుస్తుండగా ఒక్క ఫేజు వైరు చుట్టూ పెట్టి చూడండి. నిజంగానే 16 దాటి చూపితే మేం పైన చెప్పినదంతా పక్కనపెట్టి, ఆ వైరు మీద ఇంకేం కలిపారో వెతకండి. గోడకవతల బాత్‌రూంలో గీజరు అదే వైరు మీద ఉండటం కొత్త కాదు. అన్నట్టు డీబీని లోపలి గోడకు మార్చడానికి కుదిరితే మార్చండి, కుదరకపోతే కనీసం దాని మీద ఎండ పడకుండా చిన్న సజ్జ వేయించండి.

ప్రశ్న: పొద్దుగాల నీళ్లు పట్టుదామని బోరు మోటరు ఏస్తే ఒకరోజు ఇల్లంతా కరెంటు పోతది, ఒకరోజు పోదు. వాన పడ్డ తెల్లారి తప్పకుండ పోతది. సింగిల్ ఫేజు సబ్‌మెర్సిబుల్, ఒక హెచ్‌పీ. ప్యానల్ బోర్డు సంపు పక్క గోడకుంది.
— ఒక పాఠకుడు, నర్సంపేట దగ్గరి ఊరు

జవాబు: మోటరు ఎత్తే ముందు ప్యానల్ బోర్డు చూడండి. బోరు లోపల ఎప్పుడూ నీళ్లే, అక్కడికి వానకాలం కొత్తగా రాదు. వాన తెల్లారి పడుతోందంటే జబ్బు పైనే ఉండే అవకాశం ఎక్కువ. బోర్డు అడుగు రంధ్రాల్లోంచి ఎక్కిన చెమ్మ, కెపాసిటర్ల మధ్య తొండ గూడు, బోర్డు నుంచి బోరు మూతి దాకా నేల మీద పడేసిన కేబులుకు ఎలుక కొరికిన గాటు, ఇవి కళ్లతోనే కనిపిస్తాయి.

కనిపించకపోతే ప్యానల్‌కు కరెంటు తీసి, మోటరు కేబుల్ మూడు వైర్లూ ప్యానల్ నుంచి విప్పి, మూడింటినీ ఒకటిగా ముడివేసి, ఎర్తుకు 500 వోల్టుల మెగ్గర్ కొట్టించండి. మంచి మోటరు పదుల మెగా ఓములు చూపాలి. ఒకటి రెండు అంటే రోజులు దగ్గరపడ్డాయి. ఒకటి లోపల అంటే ఎత్తాల్సిందే. ఎత్తాక చాలాసార్లు మోటరు బాగానే ఉంటుంది, దాని పైన కేబులు జాయింటులో నీళ్లు దిగి ఉంటాయి. కొత్త జాయింటు వేసేటప్పుడు మూడు వైర్ల ముడులూ ఒకే చోట పడకుండా రెండేసి అంగుళాలు ఎడంగా రావాలి. ఒక్కోదాని మీద విడిగా రబ్బరు టేపు సాగదీసి చుట్టి, ఆ పైన పీవీసీ టేపు చుట్టాలి. దించే ముందు ఆ జాయింటును బకెట్ నీళ్లలో అరగంట ముంచి ఉంచి మెగ్గర్ కొట్టించండి. రీడింగు దిగకపోతేనే బోర్లోకి. ఈ అరగంటకు ఓపిక లేక మళ్లీ మళ్లీ పైపులు ఎత్తే ఇళ్లు ఎన్నో.

మోటరుకు ఇంటి ఆర్‌సీసీబీ వాడకండి. మెయిన్ దగ్గర నుంచే విడిగా లాగి, దానికి సొంతంగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీబీఓ పెట్టండి. అది ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఒకే డబ్బాలో ఉన్న వస్తువు. అప్పుడు మోటరు తప్పుకు ఫ్రిజ్జూ ఫ్యానూ ఆగవు. 'సి' రకమే కొనండి. ఒక హెచ్‌పీ నడిచేటప్పుడు 7 ఆంపియర్ల దాకా గుంజినా, లేచేటప్పుడు ఒక్క క్షణం దానికి నాలుగైదు రెట్లు గుంజుతుంది. 'బి' రకం మూడు రెట్ల నుంచే ఠక్కున పడొచ్చు, 'సి' ఐదు రెట్ల దాకా ఆగుతుంది. 10 ఆంపియర్ల 'బి' పెట్టుకుని మోటరు చెడిపోయిందనుకునేవాళ్లున్నారు.

ప్రశ్న: కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద లైట్లు చక్కగా వెలుగుతాయి. కరెంటు రాగానే కింది పోర్షన్ ఆర్‌సీసీబీ, పై పోర్షన్‌ది రెండూ పడతాయి. కొత్త ఇల్లే.
— ఒక పాఠకురాలు, జమ్మికుంట

జవాబు: ఇన్వర్టరు కింది పోర్షన్ నుంచి ఫేజు తీసుకుంటోంది, పై పోర్షన్ లైట్ల న్యూట్రల్ మాత్రం పై డీబీ పట్టీకే పోతోంది. కరెంటు లేనప్పుడు ఈ గొడవ బయటపడదు. కరెంటు వచ్చి ఇన్వర్టరు లైట్లను మెయిన్స్ మీదికి మార్చగానే, కింది ఆర్‌సీసీబీ నుంచి పోయిన కరెంటు పై ఆర్‌సీసీబీ గుండా తిరిగొస్తుంది. ఇద్దరి లెక్కా తప్పుతుంది, ఇద్దరూ పడతారు. ఇన్వర్టరు మీద వెలిగే లైట్ల న్యూట్రల్స్ అన్నిటినీ రెండు పట్టీల నుంచీ తీసి, విడిగా మూడో పట్టీకి బిగించి, ఆ పట్టీ నుంచి ఒక్క వైరు ఇన్వర్టరు ఔట్‌పుట్ న్యూట్రల్‌కు కలపాలి. రెండు గంటల పని.

ప్రశ్న: 40 ఆంపియర్ల ఆర్‌సీసీబీ తీసి 63 వేసినం, అయినా పడుతనే ఉంది. ఇప్పుడు 100 మిల్లీ ఆంపియర్లది పెట్టమంటున్నరు. లేకపోతే మొత్తానికి తీసేసి ఎంసీబీలతోనే నడిపించొచ్చా?
— ఒక పాఠకుడు, హుజూరాబాద్

జవాబు: 40, 63 అన్నవి దాని కాంటాక్టులు మోయగల కరెంటు. పడటానికీ వాటికీ సంబంధం లేదు. డబ్బులు పోయాయి, అంతే. 100 మిల్లీ ఆంపియర్లది, 300ది మంటలు అంటుకోకుండా మెయిన్ దగ్గర పెట్టేవి. మనిషి ప్రాణానికి 30దే. తీసేయడం గురించి అయితే, 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే కనీసం 16 వేల మిల్లీ ఆంపియర్లు దాటాలి. మనిషిని చంపడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు.

ఉత్తరం అడుగున మీరు రాసిన సామాన్ల జాబితాలోనే జవాబు ఉండొచ్చు: రెండు ఇన్వర్టరు ఏసీలు, వాషింగ్ మెషీన్, రెండు టీవీలు, కంప్యూటరు, వైఫై, ఇంటి నిండా ఎల్ఈడీలు, అన్నీ ఒక్క ఆర్‌సీసీబీ కింద. ఇలాంటి వాటి లోపలి ఫిల్టర్లు ఏ తప్పూ లేకుండానే ఒక్కోటి అర మిల్లీ ఆంపియరు నుంచి మూడు దాకా ఎర్తులోకి వదులుతాయి. అన్నీ కలిసి 12, 13 అయ్యాయంటే, 15 దాటగానే పడే హక్కున్న వస్తువు చిన్న మెరుపుకే పడుతుంది. లీకేజీ చూపే క్లాంప్ మీటరుతో ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పట్టి కొలిపించండి. 9, 10 దాటితే లోడును రెండు మూడు ఆర్‌సీసీబీల కింద పంచాలి. పంచేటప్పుడు న్యూట్రల్ పట్టీలు కూడా విడివిడిగా పంచాలి, లేదంటే జమ్మికుంట కథే. ఇన్వర్టరు ఏసీ, వాషింగ్ మెషీన్ ఉన్నవాటికి 'ఏ' రకం ఆర్‌సీసీబీ అడిగి తీసుకోండి. షాపులో మామూలుగా ఇచ్చేది 'ఏసీ' రకం. పేరు చూసి ఎయిర్ కండిషనర్‌కు అనుకోకండి.

బతుకమ్మకు, దసరాకు పిట్టగోడ మీద వేసే మిర్చీ బల్బుల దండలు కూడా ఒక కారణమే. ముడి దగ్గర పాలిథిన్ కవరు చుడితే లోపల చెమట పట్టి ఇంకా త్వరగా పడుతుంది. ప్లగ్గు ఇంటి లోపల ఉండేలా చూసుకోండి.

ప్రశ్న: ఏదీ పడటం లేదు గానీ రాత్రిపూట ఒక గదిలో లైట్లు ఒక్కసారిగా బాగా వెలుగుతాయి, ఇంకో గదిలో మసకబారతాయి. త్రీ ఫేజు సర్వీసు. ఇది కూడా ట్రిప్పు జబ్బేనా?
— ఒక పాఠకుడు, భూపాలపల్లి

జవాబు: కాదు, దానికంటే చెడ్డది. మీటరు దగ్గరో, స్తంభం మీదో న్యూట్రల్ లూజైంది. త్రీ ఫేజులో న్యూట్రల్ తెగితే లోడు తక్కువున్న ఫేజు మీద 230 కాస్తా 300 దాటి పోవచ్చు. దానికి ఎంసీబీ పడదు, ఆర్‌సీసీబీ పడదు. ముందు మెయిన్ దించి, 1912కు ఫోన్ చేసి 'సర్వీసు న్యూట్రల్ లూజు' అని ఈ మాటల్లోనే చెప్పండి. 'వోల్టేజి ప్రాబ్లం' అంటే వరసలో వెనక పడే ప్రమాదముంది. స్తంభం మీది అల్యూమినియం సర్వీసు వైరు, మీ రాగి వైరు ఒకదానికొకటి మెలితిప్పి ఉంటే ఆ చోట బైమెటాలిక్ లగ్గు వేయమని లైన్‌మన్‌ను అడగండి. రెండు లోహాల మధ్య చెమ్మ చేరితే అల్యూమినియం తెల్లగా పొడిబారి ఏడాదికోసారి లూజవుతూనే ఉంటుంది. ఆయన దిగాక మూడు ఫేజులకూ న్యూట్రల్‌కూ మధ్య వోల్టేజి మీటరు దగ్గరే చూపించమనండి. మూడూ 230కి, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. అంతవరకు టీవీ, ఫ్రిజ్, మోటరు ప్లగ్గులు పీకే ఉంచండి.